మొహమాటం తిన్నదెంత?

"నలభై రెండు," అంది తూకాలమ్మ తూకం యంత్రం మీదికి వంగి. "రెండు గ్రాములు ఎక్కువ."

గిన్నెలోంచి ఒక రొయ్య ముక్క తీసి, కత్తెరతో దాని చివర కొంచెం కత్తిరించింది. నలభై ఒకటి. ఇంకో ముక్క తీసింది. నలభై. అప్పుడు గానీ ఆమె ముఖంలో నవ్వు రాలేదు.

తూకాలమ్మ అంటే ఎవరో ముసలమ్మ అనుకునేరు. పదేళ్ళ పిల్ల. ఆ పేరు పెట్టింది వాళ్ళ అన్న. ఇంట్లో చాక్లెట్ పంచాల్సి వస్తే ఈ పిల్ల స్కేలు తెచ్చి, కొలిచి మరీ విరుస్తుంది. రెండు గ్లాసుల్లో పాలు పోస్తే వంగి, కళ్ళు వాటి ఎత్తుకి తెచ్చి, ఎందులో ఎక్కువుందో చూస్తుంది. "వచ్చిందండీ తూకాలమ్మ!" అని అన్న ఒకసారి వేళాకోళం చేశాడు. ఆ పేరు కాస్తా అతుక్కుపోయింది. ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే తనే పలకదు.

బడికి సెలవులు కదా, రోజూ పిన్నితో పాటు అక్వేరియంకి వస్తోంది. అక్కడ చేపల్ని చూసుకునే ఉద్యోగం పిన్నిది. పెద్ద పెద్ద గాజు ట్యాంకుల వెనక సన్నటి పొడవాటి గది ఒకటుంది. పిన్ని పనంతా అందులోనే. చూడటానికి వచ్చినవాళ్ళకి చేపలు కనిపిస్తాయి గానీ పిన్ని కనిపించదు. గదిలో ఎప్పుడూ పంపుల గుయ్‌మనే చప్పుడు, కాళ్ళ కింద తడి, గోడ మేకులకు వలలూ రబ్బరు గొట్టాలూ. మూలనున్న తెల్ల ఫ్రిజ్ మీద పిన్ని చేత్తో రాసి అంటించిన కాగితం: "ఇందులో ఉన్నది చేపల భోజనం. ఆకలేస్తే ఇంటికెళ్ళి తినండి."

తూకాలమ్మకి అప్పగించింది చివరి ట్యాంకు. అందులో మూడు స్టింగ్‌రేలు ఉన్నాయి.

స్టింగ్‌రే మామూలు చేపలా ఉండదు. పళ్ళెంలా గుండ్రంగా, చదునుగా ఉంటుంది. కళ్ళు పైన, నోరు కింద. వెనక పొడవాటి తోక, ఆ తోకలో ఒక విషపు ముల్లు. అది కదిలితే ఒంటి అంచులు అలలు అలలుగా లేస్తాయి. ఈదుతోందా, ఎగురుతోందా అని చూసేవాళ్ళకి అనుమానం వస్తుంది. వీటి చుట్టాలు చాలామంది సముద్రంలో ఉంటారట. ఇవి మాత్రం మంచినీళ్ళలో, నదుల అడుగున ఇసుకలో బతికే రకం. మొదటి రోజు తూకాలమ్మ గాజుకి ముక్కు ఆనించి అరగంట సేపు కదలకుండా నిలబడిపోయింది. అంత అందమైన జీవి మేత కోసం తన చేతి వైపు చూస్తుందంటే ఆమెకి నమ్మబుద్ధి కాలేదు.

మూడింటికీ పేర్లు పిన్నే పెట్టింది.

పెద్దదాని పేరు పెత్తనం. మూడు కిలోలు. అడుగుల చప్పుడైతే చాలు, గాజు మీదికి ఎగబాకి, నీళ్ళు చిమ్మి, నానా గోలా చేస్తుంది. దాన్ని చూస్తే పది రోజులుగా పస్తులున్నట్టే ఉంటుంది. రెండోది బొత్తాలు. రెండున్నర కిలోలు. ఒళ్ళంతా బొత్తాలు కుట్టినట్టు గుండ్రటి చుక్కలు. మూడోది మొహమాటం. రెండు కిలోలు. ఇసుక కప్పుకుని, రెండు కళ్ళు మాత్రం బయట పెట్టి, తన మూలన తను పడుకుంటుంది. మేత ఎదురుగా పడ్డా వెంటనే రాదు. ఎవరేమనుకుంటారో అన్నట్టు కాసేపు ఆగుతుంది.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు," అంది పిన్ని మొదటి రోజే. "ఇదేమో అడగదు. అందుకే దీనికి మనం దగ్గరుండి పెట్టాలి."

"ఎంత పెట్టాలి పిన్నీ?"

"ఇక్కడ మన లెక్క కిలో బరువుకి ఇరవై గ్రాములు. పెత్తనానికి అరవై, బొత్తాలుకి యాభై, మొహమాటానికి నలభై."

"ఎక్కువ పెడితే ఏమవుతుంది?"

"ఒంట్లో కొవ్వు చేరుతుంది. మిగిలిపోయిన ముక్కలు కుళ్ళి నీళ్ళు పాడవుతాయి. నీళ్ళు చూడటానికి తేటగానే ఉంటాయి తల్లీ, వాటికి మాత్రం అది విషం."

"తక్కువైతే?"

"తోక మొదట్లో ఎముకలు పొడుచుకొస్తాయి. మరీ చిక్కిపోతే ఇక తిండే సహించదు."

లెక్క అనేసరికి తూకాలమ్మకి ప్రాణం లేచొచ్చింది. మూడు గిన్నెలు, మూడు తూకాలు, గోడకి ఒక చార్టు. చార్టులో రోజుకో వరస. "ఎంత పెట్టాం", పక్కన "తిన్నదా". మొదటి నాలుగు రోజులూ పిన్ని పక్కనే నిలబడింది. చెయ్యి నీళ్ళలో పెట్టకూడదు, పొడవాటి పట్టకారుతోనే పెట్టాలి, ఏ చేపకి ఆ చేప మూలనే పెట్టాలి. తూకాలమ్మ అన్నీ తు.చ. తప్పకుండా చేసింది. ఐదో రోజు తాబేళ్ళ ట్యాంకులో పంపు పాడైంది. పిన్ని గదికి ఆ చివర ఉండిపోయింది. అప్పట్నుంచి ఈ చివర పని తూకాలమ్మదే. సాయంత్రం చార్టు కింద పిన్ని సంతకం పెడుతుంది, అంతే.

ఇవాళ కూడా అరవై, యాభై, నలభై తూచింది. పెత్తనం ముక్కలు గుటుక్కున లోపలికి పోయాయి. బొత్తాలు నిదానంగా, మర్యాదగా తిన్నది. మొహమాటం మూలన నలభై గ్రాములూ వదిలింది. ఇసుకలో రెండు కళ్ళు ఆమెనే చూశాయి గానీ ఒళ్ళు కదల్లేదు.

మొహమాటం తినడానికి చాలాసేపు పడుతుంది. మొదటి నాలుగు రోజులూ పిన్నితో కలిసి కాచుకుని కూర్చుంది గానీ, ఒక్కతే కూర్చోవడం తూకాలమ్మకి విసుగు. ఆ సమయంలో పట్టకారు కడగొచ్చు, కోత పలక తుడవొచ్చు, గిన్నెలు బోర్లించొచ్చు. పది నిమిషాల తర్వాత వచ్చి చూస్తే ఇసుక మీద ఒక్క ముక్క కూడా ఉండదు. టిక్కు పెట్టేస్తుంది.

పని ముగించుకుని తూకాలమ్మ ట్యాంకు ముందు వైపుకి వచ్చింది. చూడటానికి వచ్చిన పిల్లలు గాజు ముందు మూగారు. పెత్తనం వాళ్ళ ముందు పల్టీలు కొడుతోంది.

"అక్కా, దానికి మేత పెట్టేది నువ్వేనా?" అని అడిగాడు ముందు పళ్ళు రెండూ ఊడిపోయిన పిల్లాడు ఒకడు.

"ఊఁ. నేనే."

"నాకొకటి చెప్పు. ఆ పెద్దది మూలకెళ్ళి ఆ చిన్నదాన్ది కూడా ఎందుకు తినేసింది?"

"తినలేదు. ఎవరిది వాళ్ళకే పెడతాను. గ్రాము కూడా తేడా ఉండదు."

"నువ్వు సరిగ్గానే పెట్టావేమో. అది మాత్రం తినేసింది. నేను చూశా."

"నీకు అన్నీ ఒక్కలాగే కనపడతాయిలే," అంది తూకాలమ్మ. వాడు భుజాలెగరేసి పక్క ట్యాంకు దగ్గరికి పోయాడు.

మర్నాడు బరువులు చూసే రోజు.

స్టింగ్‌రేని తూచడం చూడాలంటే పిన్ని చేతులు చూడాలి. ముందుగా నీళ్ళు నింపిన పెద్ద ప్లాస్టిక్ తొట్టిని తూకం మీద పెట్టి, అంకెలు సున్నాకి తెచ్చింది. తర్వాత మోచేతుల దాకా గ్లవ్స్ వేసుకుని, వెడల్పాటి మెత్తటి వలతో పెత్తనాన్ని ఒడిలోకి తీసుకున్నట్టు తీసుకుంది. తోక ముల్లుకి చిటికెలో రబ్బరు గొట్టం తొడిగింది. చేప బెదిరితే చెయ్యి ఆగుతుంది, కుదుటపడితే చెయ్యి కదులుతుంది. హడావిడి లేదు, భయం లేదు. అంత గోలచేసే పెత్తనం పిన్ని చేతుల్లో బుద్ధిమంతురాలైపోయింది. తూకాలమ్మ కళ్ళార్పకుండా చూసింది. పెద్దయ్యాక తన చేతులూ అలాగే కావాలని ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు.

"మూడు కిలోల మూడు వందల యాభై," అని చదివింది తూకాలమ్మ.

"ఏమిటీ?" పిన్ని కనుబొమ్మలు ముడిపడ్డాయి. "మూడు వారాల్లో అంత పెరిగిందా? మళ్ళీ చూడు."

మళ్ళీ చూసినా అంతే. బొత్తాలు పెద్దగా మారలేదు. ఆఖర్న మొహమాటాన్ని ఇసుకలోంచి లేపారు. నీళ్ళలోకి వచ్చాక దాని వీపు మొత్తం కనిపించింది. తోక మొదట్లో రెండు వైపులా ఎముకలు గట్టుల్లా లేచి ఉన్నాయి.

"ఒక కిలో ఏడు వందల యాభై," అంది తూకాలమ్మ.

పిన్ని మొహమాటాన్ని నెమ్మదిగా ట్యాంకులోకి వదిలి, గ్లవ్స్ తీసేసి, చేపల డాక్టరుకి ఫోన్ చేసింది.

డాక్టర్ గారు గంటలో వచ్చారు. పొడుగాటి మనిషి, చొక్కా జేబులో మూడు పెన్నులు, చేతిలో మందుల పెట్టె. మోకాళ్ళ మీద కూర్చుని గాజులోంచి మొహమాటాన్ని చాలాసేపు చూశారు. తర్వాత నీళ్ళు పరీక్ష చేశారు. నీళ్ళు బాగానే ఉన్నాయి.

"మేత ఎలా తింటోంది?" అని అడిగారు.

పిన్ని గోడ మీది చార్టు తీసి ఇచ్చింది. మొహమాటం వరసలో ఇరవై ఒక్క టిక్కులు. ఒక్కటి కూడా వంకరగా లేదు.

"రోజూ నలభై గ్రాములు తిని పావు కిలో తగ్గిందా?" డాక్టర్ గారు తల అడ్డంగా ఊపారు. "ఈ లెక్కల్లో ఎక్కడైనా పొరపాటు ఉండే వీలుందా?"

"లేదండీ," అంది పిన్ని. "తూచింది మా అక్క కూతురు. దాన్ని మా ఇంట్లో తూకాలమ్మ అంటారు. గ్రాము అటూ ఇటూ కానివ్వదు. ఆ విషయంలో నన్ను నమ్మకపోయినా దాన్ని నమ్మొచ్చు."

తూకాలమ్మ చేతిలో ఉన్న గుడ్డని రెండు చేతులతో పిండటం మొదలుపెట్టింది. అది అప్పటికే ఆరిపోయిన గుడ్డ.

"అయితే కడుపులో పురుగులు ఉండి ఉంటాయి," అన్నారు డాక్టర్ గారు. "తిన్నదంతా అవే తినేస్తున్నాయి. దీన్ని విడిగా ఒక తొట్టిలోకి మార్చి మందు కలపాలి. ఇవాళే మొదలుపెడదాం."

"ఇంత చిక్కిన చేప మందు తట్టుకోగలదాండీ?"

"చెప్పలేనమ్మా. ఈ రకానికి మందులు అంత తేలిగ్గా పడవు. కొన్ని బాగుపడతాయి, కొన్ని..." ఆయన మాట పూర్తి చెయ్యలేదు. "కానీ మేత తింటూ తగ్గిపోతున్న చేపని అలా వదిలెయ్యలేం కదా."

పిన్ని ఖాళీ తొట్టి తేవడానికి కదిలింది. డాక్టర్ గారు పెట్టె తెరిచి, చిన్న సీసా తీసి, వెలుతురుకి ఎత్తి చూశారు.

తూకాలమ్మకి నిన్నటి పళ్ళు లేని పిల్లాడు గుర్తొచ్చాడు. "నేను చూశా" అన్నాడు వాడు. వాడు ఐదు నిమిషాలు నిలబడి చూసింది, తను పదిహేడు రోజులు చూడలేదు. ఇప్పుడు చెబితే పిన్ని పరువేం కావాలి? ఇందాకే కదా అంత గొప్పగా చెప్పింది. రేపట్నుంచి ఇక్కడికి రానిస్తారా? ట్యాంకులోకి చూసింది. మొహమాటం మళ్ళీ ఇసుక కప్పుకుంటోంది. ఒంటికి లేని జబ్బుకి మందు పోస్తున్నా అది నోరు తెరిచి చెప్పలేదు.

"డాక్టర్ గారూ, ఆగండి!" అంది. గొంతు ఆమె అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. "అది తిన్నదో లేదో నాకు తెలీదు."

డాక్టర్ గారు సీసా కిందికి దించారు. పిన్ని తొట్టి పట్టుకుని ఉన్నచోటే ఆగిపోయింది.

"పెట్టడం మాత్రం రోజూ నలభయ్యే పెట్టాను. సరిగ్గా తూచాను, ఒట్టు. కానీ అది తినేదాకా ఉండలేదు. పట్టకారు కడగడానికి వెళ్ళిపోయేదాన్ని. తిరిగొచ్చేసరికి ముక్కలు ఉండేవి కావు. అందుకని టిక్కు పెట్టేశాను." ఊపిరి పీల్చుకుంది. "నిన్న ఒక పిల్లాడు చెప్పాడు, పెత్తనం తినేస్తోందని. నేను వినిపించుకోలేదు."



"మొత్తం ఇరవై ఒక్క రోజులూనా?" అని అడిగారు డాక్టర్ గారు. ఆయన గొంతులో కోపం లేదు. తప్పిపోయిన వస్తువు ఎక్కడ పెట్టావని అడిగినట్టు అడిగారు.

"మొదటి నాలుగు రోజులూ చూశాం. పిన్ని కూడా ఉంది. తర్వాత పదిహేడు రోజులు చూడలేదు."

పిన్ని తొట్టి కింద పెట్టింది. ఆమె ముఖం వాడిపోయి ఉంది. తిడుతుందని తూకాలమ్మ తల దించుకుంది.

"డాక్టర్ గారూ, చార్టు కింద సంతకాలు చూడండి," అంది పిన్ని. "పదిహేడూ నావే. నేనూ చూడకుండానే పెట్టాను. పదేళ్ళ పిల్ల మీద వదిలేసి, ఖాళీ గిన్నె చూసి సంతోషపడ్డాను."

తూకాలమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిట్టి ఉంటేనే బాగుండేది అనిపించింది.

డాక్టర్ గారు జేబులోంచి ఒక పెన్ను తీసి ఆమెకిచ్చారు. "ముందు చార్టు సరిచెయ్యి."

తూకాలమ్మ నేల మీద కూర్చుంది. మొదటి నాలుగు టిక్కులు అలాగే ఉంచింది. మిగిలిన ఒక్కో టిక్కూ కొట్టేసి, పక్కన "చూడలేదు" అని రాసింది. చూడలేదు, చూడలేదు, చూడలేదు. పదిహేడుసార్లు రాసేసరికి వేలు నొప్పెట్టింది.

"మూడు రోజులు ఆగుదాం," అన్నారు డాక్టర్ గారు. "మందు వెయ్యను. దగ్గరుండి పెట్టండి. మూడో రోజుకి రోజు మొత్తంలో ముప్పై గ్రాములైనా తింటే అది ఆకలి. తినకపోతే జబ్బే అనుకోవాలి, ఇక ఆగడానికి లేదు."

ఆయన వెళ్ళాక పిన్ని పట్టకారు అందుకుంది. "కొన్నాళ్ళు మేత నేనే పెడతాను."

తూకాలమ్మ అడిగింది. "పట్టకారు నీ దగ్గరే ఉంచుకో పిన్నీ. చూసే పని మాత్రం నాకివ్వవా?"

పిన్ని ఆమె వైపు ఒక్క క్షణం చూసింది. "చూడటమంటే తేలిక అనుకుంటున్నావేమో. తూచడం కన్నా కష్టం."

"అయినా ఇవ్వు."

తూచినందుకు బెదిరాయో ఏమో, ఆ రోజు ఏ చేపా తినలేదు. మర్నాటి పొద్దున్నుంచి కొత్త పద్ధతి మొదలైంది. ట్యాంకు మధ్యలో అడ్డంగా వల దించారు. పెత్తనం, బొత్తాలు అటు. మొహమాటం ఇటు. పెత్తనం మేత అరవై నుంచి నలభై ఐదుకి తగ్గింది. ఆ సంగతి దానికి అస్సలు నచ్చలేదు. గాజెక్కి, నీళ్ళు చిమ్మి, పిన్ని కళ్ళజోడు తడిపేసింది.

"ఎంత అరిచినా ఇవాళ్టికి అంతే!" అంది పిన్ని కళ్ళజోడు తుడుచుకుంటూ. "నోరు గలవాడిదే రాజ్యం అనుకుంటున్నావా?"

మొహమాటానికి మాత్రం పొద్దున కొంచెం, మధ్యాహ్నం కొంచెం. మాడిన కడుపుకి ఒక్కసారే ఎక్కువ పెట్టకూడదని పిన్ని చెప్పింది. ఒక ముక్క ఇసుక మీద పెట్టి ఆగారు. ఐదు నిమిషాలు. పది. తూకాలమ్మ గాజు పక్కన బోర్లా పడుకుని, గడ్డం చేతుల మీద ఆనించింది. పన్నెండో నిమిషంలో ఇసుక కదిలింది. మొహమాటం జరిగి జరిగి వచ్చి ముక్క మీద దుప్పటిలా పరుచుకుంది.

"తినేసింది!" అంది తూకాలమ్మ.

"చూశావా?"

తూకాలమ్మ మళ్ళీ గాజులోకి చూసింది. నోరు కింద ఉన్న చేప, ముక్క మీద పడుకుంటే తిన్నట్టా? ముక్క కనపడటం లేదు, అంతే.

"దాని ముందు అంచు చూడు," అంది పిన్ని గుసగుసగా. "నములుతుంటే అక్కడ పైకీ కిందకీ ఊగుతుంది. ఆ తర్వాత అది పక్కకి జరుగుతుంది. అప్పుడు కింద ఏముందో చూడాలి."

అంచు ఊగింది. ఎంత చిన్న కదలిక అంటే, ఊపిరి బిగబట్టకపోతే కనిపించదు. తర్వాత మొహమాటం పక్కకి జరిగింది. కింద ఇసుక తప్ప ఏమీ లేదు.

తూకాలమ్మకి ఒళ్ళు పులకరించింది. మూడు వారాలుగా రోజూ చూస్తున్న చేప ఎలా తింటుందో ఇంత పట్టి చూడటం అదే మొదటిసారి. మాటా పలుకూ లేని ఆ జీవి ఎంత ఓపిగ్గా, ఎంత జాగ్రత్తగా ఒక ముక్క తింటుందో! ఈ సంగతి అన్నకి చెప్పాలనుకుంది. మళ్ళీ, చెబితే వాడికి అర్థం కాదు, తెచ్చి చూపించాలి అనుకుంది.

ఆ రోజు మొత్తం పన్నెండు గ్రాములు. రెండో రోజు ఇరవై ఒకటి. రెండో రోజు బోర్లా పడుకుని పడుకుని ఆమె మోచేతులు ఎర్రబడ్డాయి.

మూడో రోజు పొద్దున పదిహేను గ్రాములు పెట్టారు. పదిహేనూ తిన్నది. తూకాలమ్మ ప్రతి ముక్కా చూసింది. మధ్యాహ్నం గిన్నెలో ఐదు ముక్కలు, పదిహేడు గ్రాములు. పదిహేనూ పదిహేడూ ముప్పై రెండు. ఇవి కూడా తింటే గండం గడిచినట్టే.

డాక్టర్ గారు మందుల పెట్టెతో వచ్చి, వెనకాల స్టూలు మీద చప్పుడు చెయ్యకుండా కూర్చున్నారు.

మొదటి ముక్క తిన్నది. రెండోది, మూడోది, నాలుగోది తిన్నది. ఐదో ముక్క పిన్ని పట్టకారుతో పెట్టింది. మొహమాటం ఈసారి ఎక్కువసేపు ఆగలేదు. వచ్చి దాని మీద పరుచుకుంది. అంచు ఊగింది. గిన్నె ఖాళీ. ఇసుక మీద ఏమీ లేదు.

"అయినట్టేనా?" అన్నారు డాక్టర్ గారు.

"ఉండండి," అంది తూకాలమ్మ. "అది ఇంకా జరగలేదు."

ఒక నిమిషం గడిచింది. రెండు నిమిషాలు. మొహమాటం అలాగే ఉంది. ఇంక తినేసే ఉంటుంది అని ఆమె మనసులో ఒక మాట. ఉంటుంది అంటే కాదు, చూడు అని ఇంకో మాట. ఆరో నిమిషంలో మొహమాటం అంచులు అలలాడించి తన మూలకి జరిగిపోయింది.

ఇసుక మీద నలిగిన ముక్క మిగిలింది. నోట్లో పెట్టుకుని ఊసేసినట్టుంది.

పిన్ని కూడా చూసింది. ఆమె చేతిలో పట్టకారు కిందికి వాలింది. తూకాలమ్మ లేచి, పొడుగు కాడ వలతో ఆ ముక్కని పైకి తీసింది. నీళ్ళు పీల్చుకుని బరువు ఎక్కువ చూపిస్తుందేమోనని గుడ్డ మీద ఆనించి అద్దింది. తర్వాత తూకం మీద పెట్టింది.

మూడు గ్రాములు.

ముప్పై రెండులోంచి మూడు పోతే ఎంతో అక్కడున్న అందరికీ తెలుసు. తూకాలమ్మ పెన్ను పట్టుకుని చార్టు ముందు నిలబడింది. ఆ అంకె రాస్తే పెట్టె తెరుస్తారేమో. సీసా తీస్తారేమో. అది తట్టుకోగలదో లేదో ఆయనే చెప్పలేనన్నారు. ముప్పైకి ఒక్క గ్రామే తక్కువ. తను అద్దకుండా తూచి ఉంటే ఆ ముక్క ఇంకా ఎక్కువే తూగేది, మొహమాటం లెక్క ఇంకా తగ్గేది. ఒక్క గ్రామే కదా అని ముప్పై రాస్తే తిన్నట్టవుతుందా?

ఇరవై తొమ్మిది అని రాసింది. పక్కన, "ఒక ముక్క ఊసేసింది" అని కూడా రాసింది.

"ఎంత?" అన్నారు డాక్టర్ గారు.

"ఇరవై తొమ్మిది."

"ఒక్క గ్రామే కదండీ..." అని పిన్ని మొదలుపెట్టింది.

"ఇరవై తొమ్మిదే పిన్నీ," అంది తూకాలమ్మ. కళ్ళలోంచి నీళ్ళు బుగ్గల మీదికి జారుతున్నాయి. "నేను చూశాను."

డాక్టర్ గారు లేచి వచ్చి చార్టు ముందు నిలబడ్డారు. పదిహేడు "చూడలేదు"ల కింద మూడు అంకెలు. పన్నెండు, ఇరవై ఒకటి, ఇరవై తొమ్మిది. వాటిని వేలితో పైనుంచి కిందికి రెండుసార్లు చదువుకున్నారు.

"జబ్బుపడ్డ చేప ఇలా రోజురోజుకీ పుంజుకోదులే," అన్నారు. "ముప్పై అన్నది నా అంచనా. ఈ ఇరవై తొమ్మిది మాత్రం ఒకరు కళ్ళతో చూసి రాసింది. నేను దీన్నే నమ్ముతాను."

మందుల పెట్టె తెరవకుండానే చేతిలోకి తీసుకున్నారు. పిన్ని తూకాలమ్మని దగ్గరికి లాక్కుని, ఆమె నెత్తి మీద గడ్డం ఆనించింది. ఇద్దరి చేతులూ రొయ్యల వాసన వేస్తున్నాయి.

గుమ్మం దగ్గర డాక్టర్ గారు వెనక్కి తిరిగారు. "అయితే తూకాలమ్మ గారూ, రేపు ముప్పై దాటుతుందంటారా?"

తూకాలమ్మ ముఖం తుడుచుకుని ట్యాంకు వైపు చూసింది. ఇసుకలోంచి రెండు కళ్ళు ఆమెనే చూస్తున్నాయి.

"ఇప్పుడే ఎలా చెప్పనండీ?" అంది. "రేపు చూసి చెప్తాను."